కొనుక్కున్న బూజు

"అక్కా, నిమ్మలకుంటలో దెయ్యం బొమ్మ ఏదైనా దొరుకుతుందేమో చూస్తావా?" అని మా చిన్నమ్మ కూతురు 2024 జూన్‌లో టెక్సాస్ నుంచి ఫోన్ చేసి అడిగింది. అప్పటికి దానికి ఏడో నెల. పురుడు పొయ్యడానికి చిన్నమ్మ జూలైలో బయల్దేరుతోంది. శొంఠిపొడి, శెనక్కాయల పొడి, ఊరగాయలు, పాత చీరలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలు సర్దుకుంటున్న ఆ పెట్టెలో ఒక దెయ్యం కూడా కావాలంది మా చెల్లెలు. అక్టోబరు నెలాఖరుకి హాలోవీన్. వాళ్ల కాలనీలో సెప్టెంబరు నుంచే ఇళ్ల లోపల అలంకరణ మొదలుపెడతారట. అందరి హాళ్లలోనూ అవే ప్లాస్టిక్ అస్థిపంజరాలు, అవే మంత్రగత్తెలు. తన ఇంట్లో మాత్రం మన వైపు భయం ఒకటి ఉండాలని దాని సరదా.

నేను డాక్టరేట్ చేసింది తోలుబొమ్మలాటలోని హాస్య స్త్రీ పాత్రల మీద. కాబట్టి ఈ పని నాకు అప్పగించడంలో వింతేమీ లేదు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టేదాకా మా అనంతపురమే. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చాక ఆ ఊరి పేరు దూరానికి తెలిసింది. మేకతోలు మీద ఉలితో సన్నటి రంధ్రాలు పొడిచి, రంగులద్ది, వెనక దీపం పెట్టి రామాయణ భారతాలు ఆడించిన కుటుంబాలు అవి. వానలు రాకపోతే ఊళ్లవాళ్లు పిలిచి విరాటపర్వం ఆడించేవాళ్లు. ఇప్పుడు వాళ్ల బతుకుతెరువులో ఆట వాటా తక్కువ. లాంప్‌షేడ్లు, గోడకి తగిలించే పటాలు, గది మధ్య తెరలు - వీటిదే ఎక్కువ వాటా. దీపం ముందు కదిలిన బొమ్మ దీపం చుట్టూ చుట్టుకుని నిలిచిపోయింది. దీన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. వాన కోసం ఆడించిన ఆటకి బియ్యం, పాత బట్టలు ఇచ్చిన ఊళ్లు మావి. లాంప్‌షేడ్‌కి డబ్బు వస్తుంది.

నేను వెళ్లిన ఇంట్లో అమ్మకానికి సిద్ధంగా ఉన్నవి చూశాను. నెమళ్లు, చెట్టు మీద చిలకలు, హనుమంతుడు, వినాయకుడు, రాధాకృష్ణులు, పదితలల రావణుడు. నా కళ్లు అలవాటుగా బంగారక్క కోసం వెతికాయి. ఆటలో రాముడికైనా రావణుడికైనా లోబడకుండా తెర మీదికి దూసుకొచ్చి, జుట్టుపోలిగాడిని తన్ని, కేతిగాడితో సరసాలాడి, ఒళ్లు దాచుకోకుండా, నోరు దాచుకోకుండా ప్రేక్షకుల్ని నవ్వించే మనిషి బంగారక్క. ఆమె లేని ఆట లేదు. కానీ ఆమె ఉన్న లాంప్‌షేడ్ నేనింతవరకూ చూడలేదు. నడిరాత్రి, నడివీధిలో, ఊరంతా కూర్చుని చూడగలిగిన ఆడదాన్ని డ్రాయింగ్ రూమ్ భరించలేదు. అలంకరణని అందం గురించిన విషయంగా మాట్లాడుకుంటాం గానీ, అది ముందుగా ఏరివేత. గోడ మీదికి ఎవరిని ఎక్కించామో చూసినంత శ్రద్ధగా, ఎవరిని ఎక్కించలేదో చూడాలి. స్త్రీవాద విమర్శ కావ్యాల్లో చేసిన పని ఇదే కదా. ఇంటి గోడల దగ్గరికొచ్చేసరికి మనం ఎందుకో కాస్త మొహమాటపడతాం.

దెయ్యం అడిగితే, "మాకు దెయ్యాలు లేవమ్మా, రాక్షసులే ఉండారు" అన్నాడు ఆ ఇంటి పెద్దాయన. తాటకి, శూర్పణఖ, లంకిణి. శూర్పణఖ చెయ్యమన్నాను. ఆయన నిదానంగా అడిగాడు. "ముక్కుతోనా, ముక్కు లేకుండానా?"

ఆయనకది కొలత అడగడం లాంటి ప్రశ్న. ఆటలో ఆ రెండు ఘట్టాలకీ రూపం మారాలి. నేను మాత్రం ఆ అరుగు మీద చాలాసేపు కూర్చుండిపోయాను. భయపెట్టే శూర్పణఖ కావాలంటే ముక్కు కోసిన తర్వాతి శూర్పణఖే కావాలి. అంటే మన భయానికి బొమ్మగా నిలబడుతున్నది ఆమె చేసిన హింస కాదు, ఆమె మీద జరిగిన హింస. ఓల్గా 'విముక్త' కథల్లో సీత వెళ్లి కలుసుకునే శూర్పణఖ నాకు గుర్తొచ్చింది. తోట పెంచుకుంటున్న శూర్పణఖ. "ముక్కుతోనే చెయ్యండి" అన్నాను. నెలలోపు లాంప్‌షేడ్ తయారై చిన్నమ్మ పెట్టెలోకి చేరింది. ఎర్రచీర, పెద్ద కళ్లు, ముక్కున బులాకీ. దీపం వెలిగిస్తే మెరిసిపోయింది. నేను ఫొటో పంపితే చెల్లెలు నిరాశపడింది. "అక్కా, ఇది భయంగా లేదే!"

హాలోవీన్‌ని పరాయి పండగ అని ఈసడించడానికి ఇది రాయడం లేదు. ఆ పండగకి కరువుతో ఉన్న చుట్టరికం మా సీమ మనిషిగా నన్ను ఆకర్షిస్తుంది. చచ్చిపోయినవాళ్లు ఏడాదికొక రాత్రి ఇళ్లకొస్తారన్నది ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల నమ్మకం. అక్కడ టర్నిప్ దుంపలు తొలిచి దీపాలు పెట్టేవాళ్లు. 1845లో మొదలైన బంగాళాదుంప కరువుకి లక్షలమంది ఐరిష్ జనం ఓడలెక్కి అమెరికా చేరారు. వాళ్లతో, వాళ్లకి ముందూ వెనకా వచ్చిన స్కాట్‌లతో ఈ పండగ అక్కడ వేళ్లూనుకుంది. దుంప స్థానంలోకి గుమ్మడికాయ వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇది వీధిలోంచి ఇంట్లోకి నడిచింది. మసాచుసెట్స్‌లోని డెనిసన్ అనే కాగితం కంపెనీ 1909లో 'బోగీ బుక్' అనే చిన్న పుస్తకం వేసింది. ముడతల కాగితంతో హాలు ఎలా అలంకరించాలి, బల్ల మీద నల్లపిల్లులు ఎలా అమర్చాలి, అతిథుల్ని ఎలా భయపెట్టి నవ్వించాలి అన్నది విషయం. ఆ పుస్తకాల పాఠకురాలు గృహిణి. దెయ్యాల్ని ఇంట్లో చక్కగా సర్దిపెట్టే పని అప్పటికే ఆడవాళ్లదైంది. పదేళ్ల తర్వాత, 1919లో, ఈ పండగ చరిత్రని మొట్టమొదట పూర్తి పుస్తకంగా రాసిందీ ఒక స్త్రీయే. ఆమె రూత్ ఎడ్నా కెల్లీ. వృత్తిరీత్యా లైబ్రేరియన్.

ఆ మంత్రగత్తె బొమ్మ సంగతి మనకి కొత్త కాదు. సేలంలో 1692లో ఉరితీసిన పంతొమ్మిది మందిలో పద్నాలుగురు స్త్రీలు. ఇప్పుడామె చీపురెక్కి, ముక్కు వంకర పెట్టుకుని నవ్వుతూ గోడకి వేలాడుతుంది. చేతబడి చేసిందని ఆడవాళ్లని చెట్టుకి కట్టి కొట్టిన వార్తలు చదివిన మనకి ఆ నవ్వు అంత తేలిగ్గా ఎక్కదు.

ఆగస్టులో పాప పుట్టింది. అక్టోబరు వచ్చేసరికి చిన్నమ్మ నాకు రోజూ వాట్సాప్‌లో ఆ ఇల్లు చూపించేది. నేను ఆ ఇల్లు కళ్లారా చూడలేదు. అరచేతిలోని అద్దంలో, వణికే చిన్నమ్మ చేతుల వెనకనుంచి చదివాను. కాబట్టి నా పఠనంలో కొన్ని పేజీలు చిరిగి ఉండొచ్చు.

ఆమెని అన్నిటికన్నా తికమకపెట్టింది సాలెగూడు. ప్యాకెట్లలో దూది పీచులా వస్తుంది. సాగదీసి మూలలకి, మెట్ల కమ్మీకి, పుస్తకాల బీరువాకి అంటిస్తారు. "పండగొస్తాందంటే బూజు దులిపి దులిపి మా చేతులు అరిగిపాయ పాపా. ఈడ దుడ్లు పెట్టి బూజు కొనుక్కొచ్చి అంటిచ్చుకుంటా ఉండారు" అంది.

ఆ మాటకి నవ్వాను. తర్వాత దాని గురించే ఎక్కువ ఆలోచించాను. హాలోవీన్‌కి ఇంటి లోపల చేసే అలంకరణ మొత్తం ఒక్క పని చేస్తుంది. మనుషులున్న ఇంటిని మనుషుల్లేని ఇంటిలా చూపిస్తుంది. బూజు, గబ్బిలాలు, మసక దీపం, చిరిగిన తెరలు, మంచి కుర్చీలో కూర్చున్న ఎముకల గూడు. ఫ్రిజ్ నిండా పాలు, పైగదిలో పసిబిడ్డ, గ్యారేజీలో రెండు కార్లు ఉన్న ఇల్లు నెలరోజులపాటు పాడుపడినట్టు నటిస్తుంది. లోపల నిండుగా ఉన్నవాళ్లే ఆ ఆట ఆడగలరు.

సాలుకి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, అదీ అదునులో పడని పీఠభూమి మాది. శెనగవిత్తనం వేసి ఆకాశం చూసే ఊళ్లలో మధ్యవయసు వాళ్లు బెంగళూరు చేరారు. కట్టడం పనులకి, అపార్ట్‌మెంట్ల కాపలాకి. వీధికి నాలుగైదు తాళం ఇళ్లు. మట్టి మిద్దె కూలి, దూలాలు బయటపడి, లోపల నిజమైన గబ్బిలాలు. ఎవరూ కొనిపెట్టని బూజు. చీకటి పడితే పిల్లలు అటుకేసి వెళ్లరు. "దెయ్యాల కొంప" అంటారు. అందులో ఎవరు చచ్చారని అడిగితే ఎవరూ చావలేదు, పోయారంతే. ఇక అస్థిపంజరం మాటకొస్తే, మా జిల్లా ఇంకా బళ్లారిలో భాగంగా ఉన్న రోజుల్లో, 1876 నాటి ధాత కరువులో, హూపర్ అనే సైనికాధికారి మద్రాసు రాష్ట్రంలోని కరువు బాధితుల్ని వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఎముకల్ని అమర్చి చూసుకోవడం అక్కడా ఒక అలంకరణే. ఆ ఫొటోలు ఒకసారి చూసినవాళ్లకి, చిన్న కూతురు తల్లి ఒడిలో ఎలా పడి ఉందో గుర్తున్నవాళ్లకి, సోఫాలో కాలు మీద కాలేసుకున్న ప్లాస్టిక్ ఎముకల మనిషి వినోదం కాలేడు. అది చెల్లెలి తప్పు కాదు. దానికా ఫొటోలు నేనెప్పుడూ చూపించలేదు.

ఇప్పుడు అసలు విషయం. చిన్నమ్మకి ముప్పై రెండేళ్లప్పుడు, 2003లో చిన్నాయన పోయాడు. వరసగా ఎండిన మూడు పంటలు, నాలుగు బోర్లు, వడ్డీ. అనంతపురంలో ఈ వాక్యం పూర్తిచెయ్యనక్కర్లేదు. అప్పటినుంచి ఆమె పేరంటాలకి వెళ్లదు. ఎవరైనా ప్రయాణం కడితే తలుపు వెనక్కి తప్పుకుంటుంది. ఎవరూ చెప్పక్కర్లేకుండా తనే తప్పుకోవడం నేర్చుకుంది. మా వైపు కథల్లో, గ్రామకథనాల్లో దెయ్యం ఎప్పుడూ ఆడదే. బావిలో పడింది, కాన్పులో పోయింది, మొగుడు వదిలేసింది. బతికుండగా ఆ దారిలో సగం దూరం నడిపించేది వైధవ్యం. ఇంట్లోనే ఉంటూ కనబడకుండా ఉండటం దెయ్యం లక్షణమే కదా.

టెక్సాస్‌లో చెల్లెలు దసరాకి బొమ్మల కొలువు పెట్టింది. ఇది కూడా దాని కొత్త అలవాటు. మా ఊళ్లో కొలువు బ్రాహ్మల ఇళ్లలో, కోమట్ల ఇళ్లలో చూసి రావలసిందే. కాపుల ఇళ్లలో మెట్లూ లేవు, బొమ్మలూ లేవు. సముద్రాలు దాటాక కులాల అలవాట్లు 'మన సంస్కృతి' అనే ఒకే పెట్టెలో సర్దుకుంటాయి. అయిదు మెట్లు, పట్టు గుడ్డ, తిరుపతి బొమ్మలు, కొండపల్లి బొమ్మలు. ఒక సాయంత్రం పాతికమంది తెలుగు ఆడవాళ్లు తాంబూలానికొచ్చారు. ఆ సాయంత్రం చిన్నమ్మ మేడమీద పాప గదిలో ఉంది. ఎవరూ వెళ్లమనలేదు. పాపని చూసుకోవాలి కదా అంది. ఇంటి పైభాగాన, పిల్లల గదిలో మూసుకున్న స్త్రీ అనగానే మన పాఠకులకి 1892లో అచ్చయిన షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ కథ 'ఎల్లో వాల్‌పేపర్' గుర్తుకు రావాలి. ఆ కథలో గోడకాగితం డిజైన్ వెనక ఒక ఆడది పాకుతూ కనబడుతుంది. అలంకరణ ఆమెని దాస్తుంది, దాస్తూనే పట్టిస్తుంది. చిన్నమ్మ గోడలకి పసుపు కాగితం లేదు, లేత గులాబీరంగు ఏనుగులున్నాయి.

కొలువు తీసేశాక ఆ అయిదు మెట్లూ మళ్లీ అటకెక్కలేదు. పట్టుగుడ్డ తీసి నల్లగుడ్డ పరిచి, పైమెట్టు మీద పుర్రె, కింద గుమ్మడికాయలు, గుడ్లగూబలు పేర్చింది చెల్లెలు. లక్ష్మీదేవి కూర్చున్న చోట మా శూర్పణఖ దీపం. ఆ గుమ్మడికాయల్లో ఒకటి కొయ్యడానికి అల్లుడు ఆఫీసునుంచి వచ్చేసరికి ఆలస్యమైతే చిన్నమ్మ కత్తి తీసుకుంది. ఈ వాక్యం బరువు తెలియాలంటే మా ఇళ్లలో ఆడది గుమ్మడికాయ మీద మొదటి వేటు వెయ్యదని తెలియాలి. మగవాడు పగలగొట్టి ఇస్తే తర్వాత కూర తరుక్కోవచ్చు. ఇక మొగుడు లేని ఆడది సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక్కడి గుమ్మాలకి కట్టే బూడిద గుమ్మడికాయకీ, దాని మీద కోరలు గీసిన రాక్షసుడి మొహానికీ, దిష్టి తగలగలిగిన కళ్లు ఎవరివన్న లెక్కలో ఆమె కళ్లూ ఉంటాయి. "నేనే కోసినా. కండ్లు, పండ్లు అన్నీ నేనే పెట్టినా. యేమీ కాలేదు పాపా" అని కెమెరాలో చూపించింది. పళ్లు కాస్త వంకర. కళ్లు మాత్రం అచ్చం మా ఊరి మారెమ్మ కళ్లు.

ఆ ఏడు దీపావళీ, హాలోవీనూ ఒకే రోజు పడ్డాయి, అక్టోబరు 31. చెల్లెలు ఇంటిని రెండుగా విడగొట్టింది. వంటింటి వైపు లక్ష్మీపూజ, దీపాలు, చేమంతులు. వీధి తలుపు వైపు హాలంతా బూజు, పుర్రెలు. సాయంత్రం స్నేహితురాళ్లు పట్టుచీరల్లో పెరటి తలుపునుంచి పూజకొచ్చారు. ముందు తలుపు దగ్గర పిల్లలకి చాక్లెట్లు పంచడానికి ఎవరో ఒకరు కావాలి. చిన్నమ్మని కూర్చోబెట్టారు.

మూడు గంటలు గుమ్మంలో కూర్చుంది. లేత బూడిదరంగు చీర, బోసి నొసలు, చేతులకి గాజుల్లేవు. దెయ్యాలు, రాకుమార్తెలు, సాలెపురుగు మనుషులు వరసలో వచ్చారు. ఒకామె ఆగి, "మీ కాస్ట్యూమ్ చాలా బావుంది" అని మెచ్చుకుని వెళ్లిందట. చెల్లెలు దాన్ని "నీ చీర బాగుందంటున్నారు" అని అనువదించింది. అనువాదం గురించి పాఠాలు చెప్పే నేను ఈ ఒక్క అనువాదాన్ని సరిదిద్దలేదు.

"ఎంతమంది వచ్చినారనుకుంటివి! అందురూ నా కాడికే. నా మొగం చూసి ఎనక్కి మళ్లుకున్నోళ్లు ఒక్కరు గూడ లేరు" అని మర్నాడు చెప్పింది. ఇరవై ఒక్క ఏళ్లలో ఆమె గొంతు అట్లా వినలేదు.

నేను సంతోషించాలా? గుమ్మంలో, ఎదురుగా, దీపం పక్కన, వచ్చే ప్రతివాళ్లకీ మొదట కనబడే చోట ఆమె కూర్చుంది. మా ఊళ్లో జరగని పని. కానీ అదే ఇంట్లో, అదే గంటలో, లక్ష్మి ఒకవైపు, ఆమె పుర్రెలవైపు. ఆమెకి చోటు దొరికింది ఇంట్లో భయానికి కేటాయించిన భాగంలోనే. మెట్లు ఒకటే, గుడ్డ మారింది. పట్టుగుడ్డ పరిచిన రోజు మేడమీద, నల్లగుడ్డ పరిచిన రోజు గుమ్మంలో. గిల్బర్ట్, గూబర్ 1979లో అటక మీది పిచ్చిదాని గురించి అంత పెద్ద పుస్తకం రాశారు. ఆమెని కిందికి దించి గుమ్మంలో కూర్చోబెట్టి చాక్లెట్ల గిన్నె చేతికిస్తే ఏమనాలో వాళ్ల పుస్తకంలో నాకు దొరకలేదు.

ఇదంతా ఫోన్‌లో చెల్లెలికి చెప్పాను, కాస్త ఉపన్యాసంలాగే. అది విని, పాపకి పాలిస్తూ, మెల్లగా అంది. "అక్కా, 2019లో నీ ఇంటి గృహప్రవేశానికి అమ్మ ఎక్కడుంది?"

అనంతపురంలో మేము కట్టుకున్న ఇల్లు. గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టింది మా ఆయన. ఆవుని, పాలబిందెని, ముత్తైదువల్ని ముందు పంపాం. అప్పటికి నాకు డాక్టరేట్ వచ్చి మూడేళ్లు. చిన్నమ్మ తెల్లవారుజామునే వచ్చి పెరట్లో పొయ్యి దగ్గర కూర్చుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక తలుపునుంచి ఇల్లు చూసింది. నేను రమ్మనలేదు. అత్తగారున్నారని, పురోహితుడున్నాడని, ఆ రోజుకి గొడవెందుకని. వీటిల్లో ఏ ఒక్కటీ నేను ఫోన్‌లో చెప్పలేకపోయాను. చెల్లెలు కనీసం ఒక తలుపు ఇచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది నేను.

2025 జనవరిలో చిన్నమ్మ తిరిగొచ్చింది. ఆర్నెల్లు తాళమున్న ఇల్లు. నేను కూడా వెళ్లాను. తలుపు తీస్తే మూలమూలకీ బూజు, ఇది ఉత్తినే వచ్చింది. ఇద్దరం కర్రలకి చీపుర్లు కట్టి మధ్యాహ్నం దాకా దులిపాం. పెట్టె విప్పితే అడుగున, తువ్వాలులో చుట్టి, శూర్పణఖ. అస్థిపంజరాలు, పుర్రెలు డబ్బాల్లో పెట్టి గ్యారేజీకి పంపారట. ఈమె ఏ డబ్బాలోనూ పట్టలేదు. పిల్లలెవరూ భయపడనూ లేదు. యువరాణి అనుకున్నారట. "నేను తీసుకుపోతా అన్నా, సరే అనింది" అంది.

ముందుగదిలో, చిన్నాయన ఫొటో పక్కన మేకు కొట్టి తగిలించాం. బల్బు పెట్టాక ఎర్రచీర నీడ గోడంతా పరుచుకుంది. ఎదురింటావిడ పలకరించడానికొచ్చి దణ్ణం పెట్టబోయింది. ఏ అమ్మవారని అడిగింది.

"రావణాసురుని చెల్లెలు."

"అయ్యో, ఇంట్లో పెట్టుకుంటారా యెవురైనా?"

"అమెరికాలో పెట్టుకుంటార్లేమ్మే" అని, చిన్నమ్మ ఆవిడకి చాక్లెట్ ఇచ్చింది.